జానెడు చేప, మూరెడు మాట



ప్రతి యేటా జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె ప్రవేశించగానే మన సికింద్రాబాదులో రాంగోపాల్‌పేట చేపల మార్కెట్టు దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రోజున చేప తినాలన్నది ఈ ప్రాంతపు పాత అలవాటు. మార్కెట్టులో చేప పెద్దదా చిన్నదా అన్న వాదన ఎక్కువసేపు సాగదు. కాటా మీద పెడతారు, తూకం తేలిపోతుంది. డబ్బిచ్చి సంచిలో వేసుకుంటాము.

గాలం వేసి చేప పట్టినవాని సంగతి వేరు. చెరువు కట్టమీద కాటా ఉండదు. అతని దగ్గర ఉన్నవల్లా రెండు చేతులు, ఒక నోరు. చేతులు చాపి "ఇంత చేప" అంటాడు. పొద్దున చూపిన ఎడం సాయంత్రానికి కొంచెం పెరుగుతుంది, చుట్టాలు వచ్చినప్పుడు మరికొంచెం పెరుగుతుంది. ఇక గాలం తెంపుకొని పోయిన చేప గురించి చెప్పనే అక్కరలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

దీన్ని అందరూ నవ్వులాటగానే తీసుకుంటారు. మేమూ నవ్వుతాము. అయితే చేపను సరిగా కొలవడం అనేది గొప్పలకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఆ ఊరి చెరువులో రేపటికి ఏమి మిగులుతుందో ఆ కొలతే చెబుతుంది. అందుచేత ఈ మాసం ఆ కొలతల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మన గ్రామ సంఘాలలో గాలాలు వేసే యౌవనస్థులు ఎందరో ఉన్నారు. వారికీ, వారి తల్లిదండ్రులకూ ఇది పనికి వస్తుందని మా ఆశ.

చేతిలో ఉన్న కొలబద్ద

మన భాషలో పొడవు కొలతలన్నీ ఒంటిమీదనే ఉన్నాయి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. బొటనవేలి కొన నుండి చిటికెన వేలి కొన వరకు చాపితే జాన, సుమారు తొమ్మిది అంగుళాలు. రెండు జానలు ఒక మూర. నాలుగు మూరలు ఒక బార. చేపలు పట్టేవారు తరతరాలుగా వీటితోనే చెప్పుకున్నారు. తూకానికైతే కోస్తా జిల్లాలలో వీశెలు ఉండేవి. వీశె అంటే నేటి లెక్కలో సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 నుండి కిలోలు, మీటర్లు క్రమంగా అమలులోకి వచ్చిన తరువాత కూడా పెద్దవాళ్ళ నోట వీశెలు చాలాకాలం నిలిచాయి.

జానతో చిక్కేమిటంటే అది ఎవరి చెయ్యి వారిది. ఆరడుగుల మనిషి జానకూ, పన్నెండేళ్ళ పిల్లవాని జానకూ పొత్తు కుదరదు. దీనికి ఉపాయం సులభం. పిల్లవాని స్కేలు తీసుకొని మీ జాన ఎన్ని సెంటీమీటర్లో ఒక్కసారి కొలిచి గుర్తుంచుకోండి. ఇంకా మంచిది, మీ గాలపు కర్ర మీద అడుగునుండి ఐదేసి సెంటీమీటర్లకు ఒక రంగు గీత పెట్టుకోండి. చేప పక్కన కర్ర పెడితే చాలు, మరొకరి సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ మీ ఇంటిలో పిల్లలకు ఒక ప్రశ్న వేయండి. జానెడు చేప ఒకటి, అదే జాతిలో మూరెడు చేప ఒకటి ఉన్నాయి. మూరెడు చేప ఎన్ని రెట్లు బరువు? చాలామంది రెండు రెట్లు అంటారు. పొడవులో రెండు రెట్లే. కాని చేప పొడవు పెరిగినప్పుడు దాని వెడల్పూ పెరుగుతుంది, మందమూ పెరుగుతుంది. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. జానెడు చేపలు ఎనిమిది తూగితే మూరెడు చేప ఒకటి తూగుతుంది, కొంచెం అటూ ఇటూగా.

దీనిలో రెండు సంగతులున్నాయి. ఒకటి, జానెడు చేపను మూరెడు అని చెప్పినవాడు ఒక జాన మాత్రమే కలిపానని అనుకుంటాడు. నిజానికి అతడు ఏడు చేపలు కలిపాడు. రెండవది, ఈ రోజు సంచిలో వేసుకున్న జానెడు చేప నీటిలోనే ఉండి మూరెడు అయ్యి ఉంటే, ఇంటికి ఎనిమిది రెట్లు కూర వచ్చేది. ఈ రెండవ సంగతిని ముందుకు వెళ్ళిన తరువాత మళ్ళీ చూద్దాం.

ఎక్కడ నుండి ఎక్కడి వరకు

ఒక గ్రామంలో యౌవనస్థులు సెలవు రోజున చెరువు కట్టమీద గాలాల పోటీ పెట్టుకున్నారు. ఎక్కువ పొడవైన చేప పట్టినవానికి బహుమానం. ఇద్దరికి బొచ్చెలు పడ్డాయి. ఒకడు 46 సెంటీమీటర్లు అన్నాడు, మరొకడు 44 అన్నాడు. మొదటివానికి బహుమానం ఇచ్చారు. తరువాత రెండు చేపలనూ ఒకే బల్లమీద పెట్టి చూస్తే 44 అన్నదే పెద్దది! గొడవ మొదలైంది. అబద్ధికుడవు అంటే నీవు అబద్ధికుడవు అనుకున్నారు. రెండు ఇళ్ళ పెద్దలు కూడా మాటలు మానుకున్నారు.

నిజానికి ఇద్దరూ అబద్ధమాడలేదు. ఒకడు మూతి నుండి తోక కొస వరకు కొలిచాడు. రెండవవాడు మూతి నుండి తోక మధ్య చీలిక వరకు కొలిచాడు. బొచ్చె తోక లోతుగా చీలి ఉంటుంది గనుక ఆ రెండు కొలతలకు నాలుగైదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. సంగతి విడమరచి చెప్పిన తరువాత గాని ఆ రెండు కుటుంబాలు సమాధానపడలేదు. కొలవడానికి ముందే ఎలా కొలవాలో ఒప్పుకొని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కాబట్టి గుర్తుంచుకోండి. చేప పొడవును మూడు విధాలుగా కొలుస్తారు. మూతి కొన నుండి తోక చివరి కొస వరకు కొలిస్తే అది మొత్తం పొడవు. మూతి నుండి తోక చీలిక నడిమి వరకు కొలిస్తే చీలిక పొడవు. మూతి నుండి, ఒంటి కండ ముగిసి తోక రెక్క మొదలయ్యే చోటు వరకు కొలిస్తే అది శాస్త్రజ్ఞులు వాడే ప్రామాణిక పొడవు. తోక రెక్క చినిగినా, ఇంకొక చేప కొరికినా ఈ మూడవ కొలత మారదు గనుక వారు దానిని ఎన్నుకున్నారు. కొర్రమీనుకు తోక గుండ్రంగా ఉంటుంది, చీలిక లేదు. దానికి మొత్తం పొడవే సరి.

ఏది కొలిచినా పద్ధతి ఒక్కటే. చేపను చదునైన తడి పలక మీద పక్కకు పడుకోబెట్టండి. నోరు మూసి ఉండాలి. పలకకు ఒక చివర నిలువుగా చిన్న చెక్క బిగించుకుంటే మూతి దానికి ఆనుతుంది, స్కేలు సున్నా అక్కడే. టేపును చేప పొట్ట మీదుగా వంచి కొలవకండి. బలిసిన చేపకు అలా కొలిస్తే లేని పొడవు వస్తుంది. టేపు నిటారుగా పలకమీదనే ఉండాలి. చచ్చి ఎండిన చేప, ఐసులో పెట్టిన చేప కొద్దిగా కుంచించుకుపోతుంది గనుక పట్టిన వెంటనే కొలవడం మేలు.

కాటా లేకుండా తూకం

చేప పొడవుతోపాటు నడుము చుట్టుకొలత తెలిస్తే బరువు అంచనా వేయవచ్చు. దర్జీ వాడే మెత్తని టేపు ఒకటి చాలు. వీపు రెక్కకు ముందు, ఒళ్ళు బాగా లావుగా ఉన్న చోట చుట్టి కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించండి. అంగుళాలలో కొలిస్తే 800తో భాగించండి, పౌండ్లు వస్తాయి. సెంటీమీటర్లలో కొలిస్తే సుమారు 29,000తో భాగించండి, కిలోలు వస్తాయి.

ఉదాహరణకు బొచ్చె పొడవు 50 సెంటీమీటర్లు, చుట్టుకొలత 36 అనుకుందాం. 36 ముప్పదియార్లు 1,296. దానిని 50తో హెచ్చిస్తే 64,800. 29,000తో భాగిస్తే రెండు కిలోల రెండు వందల గ్రాములకు కొంచెం పైన. ఇది అంచనా మాత్రమే. వాలుగ వంటి బద్దలాంటి పొడుగు చేపకు లెక్క కొంత తప్పుతుంది. అయినా చేతులు చాపి చెప్పే తూకం కంటె ఎంతో నయం.

కొక్కెం కాటాతో తూచేవారికి రెండు మాటలు. చేపను మొప్పలలో కొక్కెం గుచ్చి వేలాడదీస్తే మొప్పలు చీలిపోతాయి, తిరిగి నీటిలో వదిలినా అది బ్రతకదు. తడి గుడ్డ సంచిలోనో చేతి వలలోనో ఉంచి తూచి, తరువాత ఖాళీ సంచిని తూచి తీసివేయండి. ప్రపంచ రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ గాలపు వేట సంఘం 1939లో స్థాపించబడింది. వారి నియమాలు కూడా ఇలాగే ఉంటాయి. కాటాను సంవత్సరం లోపల అధికారులు పరీక్షించి ఉండాలి. సంచి బరువు తీసివేయాలి. ఊగే పడవలో తూచినది చెల్లదు, గట్టుకు తెచ్చి తూచాలి. మన ఊరి అంగడిలో కాటాకు తూనికల శాఖ ముద్ర ఉందా అని చూడమంటే మొహమాటపడతాము. ఒక చేప రికార్డు కోసం వాళ్ళు అంత పట్టుబడుతుంటే, మన పిల్లల కూడు కోసం మనం పట్టుబడకూడదా? న్యాయమైన త్రాసు, న్యాయమైన రాళ్ళు ఉండాలన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉందని మనకు తెలిసిందే. అక్కడ తూకంతోపాటు పొడవు కొలత మాట కూడా ఉందని గమనించండి.

సాక్ష్యం ఎలా నిలిచేది

కెమెరాలు లేని రోజులలో పట్టిన చేపను గోధుమరంగు కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకునేవారు. జపాను దేశంలో పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలం నుండి చేప ఒంటికి సిరా పూసి, పలుచని కాగితం అద్ది, అచ్చు తీసేవారు. దానిని గ్యోతకు అంటారు. మనం వేలిముద్ర వేసినట్లు చేప ఒళ్ళంతా ముద్ర. పొలుసులతో సహా ఉన్నది ఉన్నట్లు పడుతుంది. దానిని సాగదీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది. సాక్ష్యం సులభమైంది, మోసమూ సులభమైంది. చేపను రెండు చేతులా ముందుకు చాపి ఫోటో దిగితే, కెమెరాకు దగ్గరగా ఉన్న చేప మనిషి తలకంటె పెద్దదిగా కనబడుతుంది. ఫోటో అబద్ధమాడలేదు, చేతులు ఆడాయి. పక్కన స్కేలు గాని, గీతలున్న గాలపు కర్ర గాని పెట్టి, పైనుండి తీసిన ఫోటోనే నమ్మదగినది.

పెద్ద చేపలు ఏమయ్యాయి

మన మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ అనే దొర 1873లో ఇండియాలో గాలపు వేట గురించి ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. 1887లో కేవలం చెరువులలో గాలం వేయడం గురించే మరొక పుస్తకం వ్రాశాడు. దక్షిణాది చెరువులలో దొరికే చేపలను అంత శ్రద్ధగా గమనించినవారు ఆ రోజులలో అరుదు. ఆ కాలపు వేటగాండ్రకు నదులలోని మహసీరు చేప మీద గొప్ప మోజు. కావేరికి ఉపనది అయిన కబినిలో 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ ఒక మహసీరును గాలంతో పట్టాడు. తూకం 120 పౌండ్లు, అంటే 54 కిలోలు దాటింది. ఒక పెద్ద బియ్యపు మూటంత చేప!

ఆ జాతి, మూపు ఎత్తుగా ఉండే మహసీరు, కావేరి పరీవాహకంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పుట్టదు. వందేళ్ళకు పైగా దాని తూకాలు వ్రాసిపెట్టుకున్నారు గాని, దాని శాస్త్రీయ నామం ఏదో 2018లో గాని తేలలేదు. తేలిన ఆ సంవత్సరమే అది పూర్తిగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కకెక్కింది. మనిషి దాని బరువు తెలుసుకున్నంత శ్రద్ధగా దాని బాగు తెలుసుకోలేదు.

గాలపు వేటగాండ్రలో మార్పు కూడా వచ్చింది. చంపి తూచడం మాని, పొడవు, చుట్టుకొలత కొలిచి, లెక్కకట్టి, బ్రతికుండగానే వదిలిపెట్టడం నేర్చుకున్నారు. మనం పైన చెప్పుకున్న 800 లెక్క ఇందుకే అంత ప్రచారంలోకి వచ్చింది. పైన చెప్పిన అంతర్జాతీయ సంఘం 2011 నుండి పొడవు రికార్డులను వేరుగా ఉంచింది. దానికి నియమం ఏమంటే, కొలిచిన చేపను ప్రాణంతో తిరిగి నీటిలో వదలాలి.

మన చెరువు సంగతి

రికార్డులు మనకెందుకు, కూరకు చేప కావాలి అంటారు. నిజమే. కూరకు పట్టుకోండి, దానిలో తప్పులేదు. కాని జానెడు చేప లెక్క మరువకండి.

తెలంగాణలో 2016లో చెరువులకు ఉచితంగా చేప పిల్లలను ఇచ్చే పథకం మొదలైంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలు అని కొలత పెట్టారు. వాలుగ, కొర్రమీను వంటి వేట చేపలున్న పెద్ద నీటిలో వేలెడు పిల్లను వేస్తే వాటికి ఎర వేసినట్లే. కాబట్టి పిల్ల పరిమాణమే పథకానికి ప్రాణం. మీ ఊరి చెరువులో పిల్లలను వదిలే రోజున బడి స్కేలు పట్టుకొని పది పిల్లలను కొలిచి చూడండి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

బొచ్చె, రోహు వంటివి నిలవనీటి చెరువులో మామూలుగా గుడ్లు పెట్టవు. వానాకాలపు నది వరదలోనే పెడతాయి. చెరువుకు వాటి పిల్లలు బయటనుండి రావలసిందే. కొర్రమీను అలా కాదు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ చేప మన చెరువులోనే, వానలు పడగానే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపైన కదులుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి. ఆ గుంపు కనబడిన చోట గాలం వేస్తే కాపలా చేప తప్పక పడుతుందని అందరికీ తెలుసు. పెద్ద చేప పడింది, కొలత బాగుంది అని సంతోషిస్తాము. కాని కాపలా పోయిన ఆ గుంపు పరిగెలకూ, కొంగలకూ మేత అవుతుంది. అక్కడ ఒక చేపను కొలిచాము, ఒక వంశాన్ని కొలవలేదు. ఆ నెల రోజులు ఆ గుంపు జోలికి వెళ్ళకండి.

1897లోనే చేసిన భారత చేపల చట్టం పేలుడు మందుతోనూ, విషంతోనూ చేపలు పట్టడాన్ని నేరమన్నది. వల కన్ను ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. వల కన్ను అంటే అదీ ఒక కొలతే. చిన్న చేప దూరిపోవడానికి ఉంచిన దారి అది. గాలం వేసేవానికి కన్ను లేదు గనుక, అతని మనస్సే ఆ కొలత పెట్టుకోవాలి. ఇంతకంటె చిన్నది పడితే వదిలేస్తాను అని గాలపు కర్ర మీద ఒక ఎర్ర గీత పెట్టుకోండి. వదిలేటప్పుడు చేతులు తడిచేసుకొని పట్టుకోండి. పొడి చేతులు దాని ఒంటి జిగురును తుడిచేస్తాయి, తరువాత పుండ్లు పడతాయి.

ఒక నోటుపుస్తకం

చివరిగా ఒక మాట. గలిలయ సముద్రతీరాన వల లాగిన శిష్యులు చేపలను లెక్కపెట్టారు. నూట ఏబది మూడు అని యోహాను వ్రాశాడు. గొప్ప చేపలు అని మాత్రం అన్నాడు, బారెడు అనలేదు. చూసినదాన్ని లెక్కగా చెప్పడం జాలరుల పద్ధతి.

మీ ఇంట్లో గాలం వేసే పిల్లవాడు ఉంటే వానికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. నాలుగు గడులు గీయించండి. తేదీ, చేప పేరు, మొత్తం పొడవు, ఇంటికి తెచ్చాడా వదిలాడా. మూడు వానాకాలాలు అలా వ్రాస్తే ఆ పుస్తకం ఊరికే ఒక ఆస్తి అవుతుంది. నిరుడు 40 సెంటీమీటర్లు పడినచోట ఈ ఏడు 30, మరుసటి ఏడు 25 పడుతుంటే, చెరువు పెద్దలకు ఆ పుస్తకం చూపించండి. చేపలు ఎదగకముందే తీసేస్తున్నారని అది చెబుతుంది. పొడవు తగ్గకుండా బరువు మాత్రం తగ్గితే నీటిలో మేత చాలడం లేదని చెబుతుంది. ఏ అధికారీ వచ్చి చెప్పకముందే మీ పిల్లవాడు మీకు చెప్పినవాడవుతాడు.

అయితే దానికి ఒకటే షరతు. 25 పడిన రోజున 25 అనే వ్రాయాలి. 40 అని వ్రాస్తే ఆ సాయంత్రానికి పిల్లవాడు గొప్పవాడవుతాడు, చెరువు మాత్రం ఎవరికీ తెలియకుండా ఖాళీ అవుతుంది. పిల్లవాడు చిన్న చేప తెచ్చి ఉన్న కొలతే చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకండి. ఆ రోజున వానిని మెచ్చుకోండి.

వచ్చే మాసం మరొక సంగతితో కలుసుకుందాం.